ఇంట్లో గదులకు రంగులు ఎలా ఎంచుకోవాలి: షేడ్ కార్డు చివర్లో తెరవండి

రంగుల షాపులో కౌంటర్ మీద పెట్టే ఆ లావుపాటి షేడ్ కార్డులో వెయ్యికి పైగా రంగులుంటాయి. అది చేతికి రాగానే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి "ఇది బాగుంది, కాదు అది బాగుంది" అని మొదలుపెడతారు, అరగంటలో ఎవరికీ ఏదీ నచ్చని పరిస్థితి వస్తుంది, చివరికి షాపతను "ఈ మధ్య అందరూ ఇదే తీసుకెళ్తున్నారు సార్" అన్న రంగు ఇంటికి వస్తుంది. రెండు వేళ్ల వెడల్పు కాగితం మీద బాగున్న రంగు పదడుగుల గోడ మీద, అదీ నాలుగు వైపులా, అదీ మీ ట్యూబ్‌లైటు కింద ఎలా ఉంటుందో ఆ కార్డు చెప్పలేదు. అందుకే నేను చెప్పే వరుస తలకిందులుగా ఉంటుంది. ముందు ఇంట్లో మార్చలేనివి చూసుకోండి, తర్వాత వెలుతురు, తర్వాత గోడ పరిస్థితి, ఆ తర్వాతే కార్డు. ఈ వరుసలో వెళ్తే ఆ వెయ్యిలో చాలా వరకు వాటంతటవే పక్కకి పోతాయి.

మొదటి పని: మార్చలేనివి ఒక కాగితం మీద రాయండి

నేల, తలుపులు, కబోర్డుల సన్‌మైకా, వంటింటి గ్రానైటు, కొత్తగా కొన్న సోఫా. వీటిలో ఏదీ మీరు గోడ రంగు కోసం మార్చరు కదా, కాబట్టి గోడ రంగే వీటికి సర్దుకోవాలి. అన్నిటికంటే ముందు నేల. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ముందు నేల మీద పడి అక్కడి నుంచి గోడకి కొడుతుంది, నేల రంగు కొంత గోడకి అంటుతుంది.

ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది ఐవరీ విట్రిఫైడ్ టైల్స్. చూడ్డానికి తెలుపే అనిపిస్తాయి గానీ ఒక ఏ4 కాగితం పక్కన పెట్టి చూడండి, కొంచెం పసుపో, కొంచెం గులాబీయో బయటపడుతుంది. అలాంటి నేల ఉన్న హాల్లో నీలం కలిసిన బూడిద రంగు వేస్తే గోడ బాగానే ఉంటుంది, టైల్స్ మాత్రం మాసిపోయినట్టు కనిపిస్తాయి, మీరేమో రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తూ ఉంటారు. పసుపు ఛాయ ఉన్న టైల్స్‌కి మీగడ తెలుపు, ఇసుక రంగు, లేత పీచు లాంటివి కుదురుతాయి. తాండూరు బండలైతే ముందు మీవి ఏ రకమో చూడండి, నీలంగా ఉండే బూడిద రంగువీ ఉన్నాయి, పసుపుగా ఉండేవీ ఉన్నాయి, రెండిటికీ ఒకే గోడ రంగు నప్పదు. మొదటి రకానికి చల్లటి తెలుపులు, అంటే కొంచెం నీలం ఛాయ ఉన్నవి, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత రంగులు బాగుంటాయి. రెండో రకానికి క్రీము వైపు వెళ్ళండి. కడప నల్లబండ పరిచిన గదిలో నేల వెలుతురుని మింగేస్తుంది, అక్కడ గోడలు లేతగానే ఉండాలి, దాని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు ఇంకా ఉంటే మీరు అదృష్టవంతులు. దాని మీద తెలుపు ఎప్పుడూ అందమే, లేత ఆకుపచ్చ కూడా. గులాబీ, పీచు మాత్రం వద్దు, గచ్చు ఎరుపు గోడకి తగిలి గది మొత్తం ఎర్రబడుతుంది.

టేకు తలుపులకి పాలిష్ వేయించారా? అయితే వాటి పక్కన బిస్కెట్ రంగు, లేత గోధుమ రంగు వేయకండి, చెక్క గోడలో కలిసిపోయి అంత ఖర్చు పెట్టిన తలుపు కనిపించకుండా పోతుంది. కొద్దిగా ఆకుపచ్చ ఛాయో నీలం ఛాయో ఉన్న తెలుపు పక్కన అదే తలుపు రెండింతలు వెలుగుతుంది.

రెండో పని: పగటి వెలుతురు చూడండి

ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, లైట్లు వేయకుండా ప్రతి గదిలో కాసేపు నిలబడండి. తూర్పు కిటికీ గది పొద్దున పసుపుగా వెలిగి మధ్యాహ్నానికి చల్లబడుతుంది. పడమర గది పగలంతా మామూలుగా ఉండి, మూడు దాటాక ఎండ నేరుగా లోపలికి కొట్టి నారింజ రంగులోకి తిరుగుతుంది. అక్కడ ముదురు పసుపో నారింజో వేస్తే మే నెల సాయంత్రాలు ఆ గదిలో కూర్చోలేరు, చూపుకే ఉక్కపోతగా ఉంటుంది. ఉత్తరం కిటికీ గదిలో వెలుతురు రోజంతా ఒకేలా, కొంచెం నీలంగా ఉంటుంది. దానికి కొద్దిగా వెచ్చటి రంగు, అంటే పసుపు ఛాయ ఉన్నది, పడితే సరిపోతుంది.

ఇంటర్నెట్‌లో చదివే సలహాల్లో "ఉత్తరం గదికి ఎప్పటికీ ఎండ రాదు" అని రాసి ఉంటుంది. అది చలి దేశాల లెక్క. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. దక్షిణాన తిరుపతి వైపు వెళ్తే ఈ కాలం ఇంకా ఎక్కువ. అందుకే వాళ్ళ లెక్కలు పక్కన పెట్టి మీ గదిని మీ కళ్లతో చూడండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మీ కిటికీకి ఐదారడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ ఉంటే, మీ గదిలోకి వచ్చేది ఆకాశం వెలుతురు కాదు, ఆ గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురు. వాళ్ళు పిస్తా పచ్చ వేసి ఉంటే మీ తెల్లటి బెడ్రూమ్‌కి పగలంతా పచ్చటి ఛాయ. రంగు తప్పు వచ్చిందని పెయింటర్‌తో గొడవ పెట్టుకోకముందు ఒకసారి కిటికీ బయటికి చూడండి.

మూడో పని: రాత్రి వెలుతురు, ఇదే అసలు పని

ఉద్యోగాలు చేసుకునే వాళ్ళం ఇంటి గోడల్ని ఎక్కువగా చూసేది రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్యే. మనలో చాలామంది రంగు ఎంచుకునేది మాత్రం పగలు, షాపు లైట్ల కింద. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. 3000 దగ్గర ఉంటే పసుపు వెలుగు, 4000 మధ్యస్థం, 6500 అయితే నీలం కలిసిన తెల్ల వెలుగు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఈ 6500దే, ఎందుకంటే "వెలుతురు బాగా రావాలి" అని అడిగితే షాపులో ఇచ్చేది అదే.

ఈ 6500 కింద ఏం జరుగుతుందంటే, పగలు వెచ్చగా కనిపించిన బీజ్ రంగు సిమెంటు బూడిదలా మారుతుంది, కొన్ని క్రీములు పచ్చగా పాలిపోతాయి, లేత లావెండర్ నీలంగా వెళ్లిపోతుంది. బూడిద రంగుల గురించి అయితే చెప్పక్కర్లేదు, ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది. ఇంటర్నెట్‌లో మీరు చూసి ముచ్చటపడిన ఫొటోల్లో చాలా పసుపు లైట్ల కింద తీసినవి. ఆ రంగు కావాలంటే ఆ లైటు కూడా కావాలి. కాబట్టి ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోండి: లైట్లు మారుస్తున్నారా లేదా? మారిస్తే రంగు ఎంచుకోకముందే మార్చండి. నా మాట వింటే హాల్లో, బెడ్రూముల్లో 4000కి దిగండి, చదువుకునే బల్ల దగ్గర, వంటింట్లో తెల్లది ఉంచుకోండి. పసుపు లైటు అంటే పెద్దవాళ్ళు "కళ్ళు కనబడవు" అంటారు, వాళ్ళు అన్నది నిజమే, వాళ్ళ గదిలో మార్చకండి. లైటు మార్చే ఉద్దేశం లేకపోతే బూడిద, లావెండర్ కుటుంబాలని జాబితాలోంచి ఇప్పుడే కొట్టేయండి.

నాలుగో పని: గోడ ఏ స్థితిలో ఉందో చూడండి

ఇది రంగుల విషయం కాదనిపిస్తుంది గానీ, కచ్చితంగా రంగుల విషయమే. బాత్రూమ్ గోడకి అవతలి వైపు, కిటికీల కింద, నేలకి ఆనుకుని రెండడుగుల మేర చేత్తో తడమండి. పొడి రాలుతుందా, ఉప్పు పూసిందా, ఉబ్బిందా? చెమ్మ ఉంటే ఏ రంగైనా ఒక వానాకాలానికే పొలుసులు లేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఇది మరీ ఎక్కువ. ముందు పైపు లీకో, టెర్రస్ పగులో సరిచేయించి, గోడ పూర్తిగా ఆరాకే లప్పం, అంటే గోడ నునుపు చేసే పుట్టీ. చెమ్మ మచ్చ కనబడకుండా ముదురు రంగు వేద్దాం అని ఎవరైనా అంటే వినకండి, ముదురు రంగు మీద ఉప్పు తెల్లగా ఇంకా బాగా కనిపిస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల రోజులైనా ఆరనివ్వండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. పచ్చి సిమెంటులో ఉండే క్షారం రంగుని అక్కడక్కడా తినేసి మచ్చలు పడేలా చేస్తుంది.

తర్వాత రాత్రి పూట ఒక టార్చి, అంటే మీ ఫోను లైటే, గోడకి ఆనించి పక్కనుంచి కొట్టి చూడండి. అలలు అలలుగా కనిపిస్తే లప్పం సమంగా లేదు. మనం ట్యూబ్‌లైటు గోడకే బిగిస్తాం కాబట్టి ఆ వెలుగు రోజూ ఇలాగే గోడ మీదుగా జారుతూ పడుతుంది, ప్రతి గుంటా కనిపిస్తుంది. ఇలాంటి గోడకి మెరుపు ఉన్న పెయింటు వద్దు, ముదురు రంగు అసలే వద్దు. మ్యాట్ రకం, అంటే మెరుపు లేని, లేత రంగు చాలా లోపాలు దాస్తుంది. మెరుపు రకం తుడవడానికి బాగుంటుంది, నిజమే, కానీ దాని కింద గోడ అద్దంలా ఉండాలి, అంటే రెండు కోట్లు లప్పం, ఎమరీ పేపరుతో రుద్దడం, ప్రైమర్, మళ్ళీ రుద్దడం. ఆ పనికి మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి.

ఐదో పని: ఇప్పుడు షేడ్ కార్డు తెరవండి

కార్డులో ఒక్కో పట్టీ మీద ఒకే కుటుంబం రంగులు లేత నుంచి ముదురు దాకా ఉంటాయి. లేత రంగు చూసి దాని అసలు గుణం తెలుసుకోవడం కష్టం, అన్నీ తెలుపులాగే ఉంటాయి. అదే పట్టీలో అన్నిటికంటే ముదురుది చూడండి. అది ఆవపచ్చగా ఉంటే మీ "ఆఫ్ వైట్" రాత్రికి పచ్చగా తిరుగుతుంది, ఊదాగా ఉంటే ఊదా వైపు వెళ్తుంది. ఇది ఒక్కటి చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండోది, మీకు నచ్చినదాని కంటే ఒకటో రెండో మెట్లు లేతది తీసుకోండి. నాలుగు గోడలు ఒకదాని రంగుని ఒకటి విసురుకుంటాయి, పులుసు మరిగే కొద్దీ చిక్కబడినట్టు రంగు కూడా గదిలో చిక్కబడుతుంది. ఒక్క గోడకే వేస్తుంటే మాత్రం నచ్చినదే వేయండి. కొన్ని కంపెనీలు రంగు వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి, 0 అంటే నలుపు, 100 అంటే పూర్తి తెలుపు, ఎంత వెలుతురు వెనక్కి పంపుతుందో దాని లెక్క. కిటికీ చిన్నదైన గదికి 60 కంటే పైనున్నవే చూడండి, పగలు కూడా లైటు వేసుకునే బాధ తప్పుతుంది.

గదికి మూడేసి చొప్పున ఎంచి అక్కడితో ఆగండి. నాలుగోది చూడకండి.

ఆరో పని: శాంపిల్ వేయండి, కానీ గోడ మీద కాదు

చాలా కంపెనీలు చిన్న శాంపిల్ డబ్బాలు అమ్ముతాయి, మామూలుగా 200 మి.లీ. ఉంటాయి. అవి దొరక్కపోతే ఒక లీటరు కలిపించండి, ఆ డబ్బు దండగ కాదు. పాత రంగు ఉన్న గోడ మీద శాంపిల్ వేస్తే పక్కనున్న పాత రంగు మీ కంటిని మోసం చేస్తుంది. దానికి బదులు మందపాటి అట్ట, ఫ్రిజ్ పెట్టెదో టీవీ పెట్టెదో, రెండడుగుల ముక్క కోసి, ప్రైమర్ కొట్టి, దాని మీద రెండు కోట్లు వేయండి, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదలండి. ఒక రోజు ఆరనివ్వండి, ఎందుకంటే ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింటు) తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి ఆరాక ఒక పిసరు ముదురుతుంది. ఆ అట్టని కిటికీ ఎదుటి గోడకి, కిటికీ ఉన్న గోడకి, మూలకి, కబోర్డు పక్కన, నేలకి ఆనించి, ఇలా తిప్పుతూ చూడండి. పొద్దున చూడండి, నాలుగింటికి చూడండి, రాత్రి లైటు వేసి తప్పకుండా చూడండి. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టి ఓట్లు అడగొద్దు. ఫోను తనకి తోచినట్టు రంగు సర్దుతుంది, అవతలి ఫోను ఇంకోలా చూపిస్తుంది, పిన్నిగారు చూసేది మీ రంగే కాదు.

గదుల వారీగా కొన్ని మాటలు

హాలు, డైనింగు, నడవా కలిసే ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే రంగు వేయండి. ఇల్లు పెద్దదిగా కనిపిస్తుంది, టచప్‌కి ఒకే డబ్బా చాలు. టీవీ వెనక గోడకి ముదురు రంగు వేయించే వాళ్ళు ముందు టీవీ యూనిట్ ఎంత పెద్దదో చూసుకోండి, అది కప్పేశాక రంగు కనబడేది పక్కన జానెడే.

వంటింట్లో పోపు పొగ, పసుపు, నూనె జిడ్డు. తెలుపు పెట్టుకుంటే నెలకే తెలుస్తుంది, మరీ ముదురు పెడితే జిడ్డు మెరుస్తుంది. లేత పసుపో, ఇసుక రంగో, తుడవగలిగే రకంలో. పూజగది, లేదా దేవుడి అలమార ఉన్న గోడ, దీపం మసికి పైభాగం నల్లబడుతుంది, అక్కడా అంతే, తుడిచే రకమే వేయండి. లేత పసుపు వేస్తే కుంకుమ మరకలు కూడా అంతగా ఎత్తి చూపవు.

పిల్లల గదికి బొమ్మల వాల్‌పేపర్లు, నాలుగు రంగులు అని పోకండి, వాళ్ళకి మూడేళ్లలో అభిరుచి మారిపోతుంది. పాత బడుల్లో, పాత ఇళ్లలో కింద మూడు నాలుగడుగులు ముదురు ఆయిల్ పెయింటు, పైన లేత సున్నం వేసేవాళ్ళు, అది ఇప్పటికీ మంచి ఆలోచనే. కింద భాగం మధ్యస్థపు నీలమో ఆకుపచ్చో తుడవగలిగే రకంలో, పైన తెలుపు. పెన్సిల్ గీతలు, సైకిలు గీరలు, చేతి మురికి అన్నీ కిందే ఉంటాయి. బెడ్రూమ్‌లో ముదురు రంగు మీద సరదా ఉంటే మంచం తల వైపు గోడకి వేయండి. పడుకున్నాక అది మీకు కనబడదు, గదిలోకి వస్తున్నప్పుడు మాత్రం బాగుంటుంది. సీలింగుకి తెలుపు. అంతే.

వాస్తు గురించి అడుగుతారు. పెద్దవాళ్ళు ఆగ్నేయానికి ఎరుపు ఛాయ, ఈశాన్యానికి లేత రంగు అన్నారనుకోండి, వాదించకండి. ఎరుపు అంటే రక్తం రంగు అక్కర్లేదు, అదే పట్టీలో అన్నిటికంటే పైనున్న లేత ఛాయ తీసుకుంటే వాళ్ళ మాటా నిలబడుతుంది, మీ గదీ బాగుంటుంది.

ఇంకొకటి, లోపల లేత రంగు వేస్తే వేడి తగ్గుతుందని ఆశపడకండి. వేడి ఎక్కువగా దిగేది స్లాబు నుంచి, దానికి మందు డాబా మీద వేసే తెల్ల పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా దీని కోసమే. బయటి గోడలకైతే జాజు, ఇటుక, మట్టి రంగులు ఎండకి ఎక్కువ కాలం నిలబడతాయి, వాటిలో ఉండేది ఐరన్ ఆక్సైడ్. మెరిసే ఎరుపు, నారింజ, నిమ్మ పసుపు తొందరగా వెలిసిపోతాయి.

కొనేటప్పుడు

లెక్క చేత్తోనే వేసుకోండి. పది బై పన్నెండు గది, ఎత్తు పదడుగులు అంటే గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీ ఒక 60 తీసేస్తే 380. రెండు కోట్లకి లీటరు సుమారు 60 చదరపు అడుగులు వస్తుందనుకుంటే ఆరున్నర లీటర్లు, కాబట్టి ఏడు తీసుకోండి, నాలుగు లీటర్లదొకటి, లీటరువి మూడు. ముదురు ఎరుపు, చిక్కటి పసుపు లాంటివి రెండు కోట్లకి కిందిది మూసుకోదు, మూడోది పడుతుంది, ఖర్చు ముందే వేసుకోండి. మెషిన్లో కలిపించిన రంగు మామూలుగా వెనక్కి తీసుకోరు, తక్కువపడి మళ్ళీ కలిపిస్తే ఒక పిసరు తేడా రావచ్చు. అందుకే ఒక గదికి సరిపడా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. ఒక కంపెనీ కోడ్ ఇచ్చి "ఇదే రంగు మా దాంట్లో కలుపుతాం" అంటే దగ్గరగా వస్తుంది గానీ అదే రాదు, మళ్ళీ అట్ట మీద వేసి చూసుకోండి. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి, ఎక్కువ పోస్తే పల్చబడి, మీరు ఎంచుకున్న రంగు గోడ మీదకి రాదు. మొదటి కోటు అయ్యాక "ఇదేంటి ఇలా వచ్చింది" అని కంగారుపడకండి, రెండోది ఆరాక మాట్లాడండి.

పని అయ్యాక డబ్బా మీద అంటించిన స్టిక్కర్ ఫొటో తీయండి, పెయింటు పేరు, బేస్ (రంగు కలపడానికి వాడిన మూల పెయింటు), షేడ్ కోడ్ మూడూ కనబడేలా. ఆ మూడూ కబోర్డు తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి, ఫోన్లు మారతాయి. అర లీటరు మిగుల్చుకుని చిన్న డబ్బాలోకి మార్చి, మూత గట్టిగా బిగించి, ఎండ తగలని అటక మీద పెట్టండి. మ్యాట్ గోడకైతే గీత పడ్డ చోట చిన్న ముక్క స్పాంజితో అద్దితే సరిపోతుంది, మెరుపు రకానికి అలా అద్దితే ఆ చోటు వేరుగా మెరుస్తుంది, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తం ఒక కోటు వేయించాల్సిందే.